అడ్డపొగ మానిన మొహం

అరవై ఆరేళ్ల వయసులో నేను మొహానికి ఆపరేషన్ చేయించుకున్నాను. జారిపోయిన బుగ్గల్ని, దవడ కింద వేలాడే చర్మాన్ని పైకి లాగి కుట్టే ఆపరేషన్. ఫేస్‌లిఫ్ట్ అంటారు. ఒళ్లు కాలలేదు, యాక్సిడెంటూ కాలేదు, ఏ రోగమూ లేదు. కావాలనిపించింది, చేయించుకున్నాను. ఈ మాట ముందే రాసేస్తున్నాను. "పాపం, ఏమైందో" అనుకుంటూ చదవబోయేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

ఆగనివాళ్లకి కారణం చెబుతాను. నా మొహం నేను అనని మాటలు అనడం మొదలుపెట్టింది. అరవై దాటాక ఒక ఏడాది టైఫాయిడ్ వచ్చి బాగా చిక్కిపోయాను. తర్వాత ఒళ్లు పట్టింది కానీ మొహం పట్టలేదు. పెదాల చివరలు కిందికి దిగిపోయాయి. దవడకి రెండు పక్కలా చిన్న సంచులు వేలాడాయి. నేను హాయిగా గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే పాలు పోసే ఆవిడ "ఏటమ్మా, ఏడస్తన్నారేటి?" అని అడిగేది. బ్యాంకులో, రైతుబజారులో, అరసవల్లి జంక్షన్లో ఆటో కోసం నిలబడిన చోట, తెలిసినవాళ్లంతా గొంతు తగ్గించి పలకరించేవారు. చావింట్లో మాట్లాడే గొంతు అది.

మాది మిషన్ కాలం నాటి బాప్టిస్టు చర్చి. వారానికోసారి స్త్రీల సమాజం కూడుతుంది. ఒక కూడికలో పాస్టరమ్మగారు నా తల మీద చెయ్యి వేసి, "ఈ సహోదరి దుఃఖాన్ని తీసివేయి ప్రభువా" అని ప్రార్థన చేశారు. పదిహేను మంది ఆమెన్ అన్నారు. నాకు ఏ దుఃఖమూ లేదు. ఆ ఉదయమే మా పెరట్లో మునగచెట్టు మొదటిసారి కాపు కాసింది. మంచి ఉత్సాహం మీద ఉన్నాను. కళ్లు మూసుకున్న ఆ పదిహేను మంది మధ్య నేనొక్కదాన్నే కళ్లు తెరిచి కూర్చుని, ఇక దీని సంగతేదో చూడాలని నిర్ణయించుకున్నాను.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మావారు పోయి పన్నెండేళ్లయింది. పిల్లలు లేరు. పెళ్లయిన ఏడాది నుంచి రోజూ డైరీ రాస్తాను. వాన పడిందా, ఎవరొచ్చారు, ఏ క్లాసులో ఏ పాఠం అయింది, ఎవరికి జ్వరం, కుక్కర్ వాషర్ ఎప్పుడు మార్చాను, అన్నీ ఉంటాయి. నలభై మూడు డైరీలు బీరువాలో వరసగా ఉన్నాయి. ఏ పనైనా నోటుబుక్కు తెరవకుండా మొదలుపెట్టడం నాకు చేతకాదు. దీనికీ ఒక నోటుబుక్కు తెరిచాను.

రెండు నెలలు చదివాను. వీడియోలు చూశాను. అడగాల్సినవి రాసుకున్నాను. తర్వాత ఆమదాలవలసలో రైలెక్కి విశాఖపట్నం వెళ్లి ముగ్గురు డాక్టర్లని విడివిడిగా కలిశాను. మొదటి చోట డాక్టరు కనపడనే లేదు. బల్ల వెనక ఒకమ్మాయి "గంటలో అయిపోతుంది మేడమ్, దారాలతో లాగేస్తారు, సాయంత్రం ఫంక్షన్‌కి కూడా వెళ్లిపోవచ్చు" అంది. కోసేది ఎవరు, ఆయన ప్లాస్టిక్ సర్జరీలో ఏం చదివారు అని అడిగితే గోడ మీద నవ్వుతున్న ఆడవాళ్ల ఫొటోలు చూపించింది. లేచి వచ్చేశాను. రెండో ఆయన బాగా చదువుకున్నవాడే. కానీ నేను ఏమడిగినా "టెన్షన్ పడకండమ్మా" అన్నారు. టెన్షన్ పడుతున్నానని నేను చెప్పలేదు. ప్రశ్న అడిగాను.

మూడో డాక్టరు నేను అడిగినదానికంటే ఎక్కువ నన్నే అడిగారు. "ఈ ఆపరేషన్ మిమ్మల్ని చిన్నవాళ్లని చెయ్యదు" అని మొదలుపెట్టారు. పెదాల చుట్టూ ఉన్న సన్న గీతలు పోవు. చర్మం నాణ్యత మారదు. కొన్నేళ్లకి మళ్లీ జారుతుంది. కోత చెవి ముందు నుంచి తమ్మె కిందుగా తిరిగి, చెవి వెనక జుట్టులోకి పోతుంది. చెవుల చుట్టూ నెలల తరబడి మొద్దుబారి ఉంటుంది. మొహం నరానికి దెబ్బ తగిలితే నవ్వు వంకరపోవచ్చు. చాలామందికి అది సర్దుకుంటుంది, అందరికీ అని చెప్పలేరు. మొదటి రోజు లోపల రక్తం చేరితే మళ్లీ తెరవాలి, అందుకే బీపీ అదుపులో ఉండాలి, రక్తం పలచబరిచే మాత్రలు వేసుకుంటుంటే గుండె డాక్టరుతో మాట్లాడకుండా సొంతంగా ఆపకూడదు.

"ఫొటోల్లో అందరూ నవ్వుతున్నారు. ఆరో రోజు ఫొటో ఉంటే చూపించండి" అన్నాను.

ఆయన నవ్వి, ఒకరి ఫొటో పేరు కనపడకుండా చూపించారు. మొహమంతా వాచి, కమిలి, నేరేడుపండు రంగులో ఉంది. ఆ ఫొటో చూశాకే ఈయన చేత చేయించుకోవచ్చని నాకు నమ్మకం కలిగింది.

ఇక ఇంట్లో. మా ఇంటికి రెండు వీధుల అవతల నా ఆడపడుచు ఉంటుంది. మావారి చెల్లెలు, నాకంటే నాలుగేళ్లు చిన్న, ఆమే స్త్రీల సమాజానికి సెక్రెటరీ. తనూ భర్త పోయిన మనిషే. మేమిద్దరం ఒకరికొకరు దిక్కు, ఒకరికొకరు తలనొప్పి. ఆపరేషన్ తర్వాత రెండు రోజులు నాతో మనిషి ఉండాలి కాబట్టి తనకి చెప్పక తప్పలేదు.

"నిజమేనేటి వదినా? మొకం కోయించుకుంటావా?" అంటూ చెప్పులైనా విప్పకుండా లోపలికొచ్చింది.

"కోయించుకుని కుట్టించుకుంటాను."

"ఈ వయసులో ఎవుడు సూడాలని?"

"నేను చూడాలని. రోజూ నా మొహం నాకంటే ఎక్కువ ఎవరు చూస్తున్నారే?"

"మా అన్న బతికుంటే ఒప్పుకునేవోడేటి?"

"మీ అన్న జుట్టుకి రంగు వేసుకునేవాడు. నన్నడిగి వేసుకున్నాడా?"

"రంగు ఏరు, కత్తి ఏరు." కుర్చీలో కూలబడింది. "సమాజం సెక్రెటరీని నాను. రేపు నలుగురూ అడిగితే ఏటని సెప్పాలి? మా వదినకి సంబంధాలు సూస్తన్నామని సెప్పనా?"

"చెప్పు. మంచిది దొరికితే ముందు నాకు చెప్పు."

నవ్వలేదు. కానీ వస్తానంది. నన్ను ఒంటరిగా పంపితే ఊళ్లో ఇంకా పెద్ద మాట వస్తుందని తన లెక్క.

ఇప్పుడు నేను చేసిన తప్పు రాయాలి. ఆస్పత్రిలో నాలుగు పేజీల కాగితం ఇచ్చారు. మందులు, పాత జబ్బులు, అలర్జీలు. అందులో "పొగ తాగుతారా?" అని ఒక ప్రశ్న. పక్కన రెండు గళ్లు. నేను "లేదు" దగ్గర టిక్కు పెట్టాను.

నేను నలభై రెండేళ్లుగా అడ్డపొగ తాగుతున్నాను. మా వైపు ఆడవాళ్లు చుట్టని తిరగేసి, వెలిగించిన కొస నోట్లోకి పెట్టుకుని, పెదాలు మూసి పీలుస్తారు. దాన్నే అడ్డపొగ అంటాం. బయటివాళ్లకి వింత గానీ చూస్తూ పెరిగినవాళ్లకి కాదు. పెళ్లయిన మరుసటి ఏడు వంశధార ఒడ్డున అత్తవారి ఊళ్లో ఉండగా నాకు జ్ఞానదంతం పోటు పట్టింది. మూడు రోజులు అన్నం లేదు. మా అత్తగారు తన నోట్లోంచి చుట్ట తీసి, "తిరగేసి పెట్టుకో. గాలికి నిప్పు ఎగరదు, పొగ కనపడదు. మీ మావ ఎదురొస్తే నోరు మూసుకుంటే సాలు" అంది. పోటు తగ్గింది. చుట్ట ఉండిపోయింది.

మా చర్చిలో చుట్ట, సారా మానినవాళ్లు వేదిక ఎక్కి సాక్ష్యం చెబుతారు. మా అత్తగారు ఆ సాక్ష్యాలు విని ఆమెన్ అని, ఇంటికొచ్చి ముట్టించేది. నేనూ అంతే. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, పెరట్లో స్నానాల గది వెనక. తర్వాత రెండుసార్లు పళ్లు తోముకుని, లవంగం నమిలి, స్కూలుకి వెళ్లి ఎనిమిదో తరగతికి ఊపిరితిత్తుల బొమ్మ గీసి పొగాకు వల్ల కలిగే నష్టాలు చెప్పేదాన్ని. పాఠం బాగా చెప్పేదాన్ని కూడా.

సంతలో చుట్టలమ్మే ఆవిడ దగ్గర "మా ముసలత్తకి" అని కొనేదాన్ని. అత్తగారు పోయి ఇరవై ఏళ్లయినా ఆ మాట మార్చలేదు. ఆవిడ పొట్లం కడుతూ "ముసలమ్మ ఇంకా ఉన్నాదేటి?" అని అడిగేది.

"ఉందమ్మా."

"ఓలమ్మో, గట్టి పిండమే!"

నలభై మూడు డైరీల్లో కుక్కర్ వాషర్ ఉంది, చుట్ట లేదు. ఒక్క రోజూ లేదు. కాబట్టి ఆ కాగితం మీద పెట్టిన టిక్కు కొత్త అబద్ధం కాదు. ఎప్పటి నుంచో చెబుతున్నదే, ఈసారి సంతకంతో చెప్పాను. నాకు నేను చెప్పుకున్నది ఏమిటంటే, వాళ్లడిగేది సిగరెట్ల గురించి, రెండు చుట్టలకి ఏమవుతుంది అని. జీవశాస్త్రం చెప్పినదాన్ని, ఏమవుతుందో నాకు తెలియకపోలేదు. ఒప్పుకుంటే ఆపరేషన్ ఆగుతుంది. పక్కన ఆడపడుచు కూర్చుని ఉంది. ఆ రెండూ కలిసి ఆ గడి నింపించాయి.

ఆపరేషన్‌కి నాలుగు రోజుల ముందు మత్తు డాక్టరు పరీక్షకి పిలిచారు. ముప్పై అయిదేళ్లుంటాయి ఆమెకి, చురుకైన మనిషి. గుండె విన్నారు, మెడ వంచమన్నారు. గొట్టం వెయ్యడానికి దారి ఎలా ఉందో చూడాలని నోరు తెరవమన్నారు. టార్చి వేసి చూస్తూ ఉండిపోయారు. పళ్లు చూడడానికి అంతసేపు అక్కర్లేదని నాకప్పుడే తెలిసింది.

టార్చి ఆర్పి, అప్పటిదాకా మాట్లాడిన ఆస్పత్రి భాష వదిలేసి, "అమ్మా, మీదే ఊరు?" అని అడిగారు.

చెప్పాను.

"మాది టెక్కలి దగ్గర. మా అమ్మమ్మ అంగిలి అచ్చం ఇలాగే ఉండేది. తెల్లగా మందం కట్టి, మధ్యలో ఎర్ర చుక్కలు." నా కాగితం తిప్పి చూశారు. "అడ్డపొగ ఎన్నేళ్ల నుండి?"

నాకంటే ముందు నా ఆడపడుచు లేచింది. "సీ సీ, ఏటండీ ఆ మాట! మా వదిన టీచరమ్మండీ. సర్చిలో పెద్ద మనిషండీ."

డాక్టరమ్మ ఆమె వైపు చూడలేదు. నా వైపే చూస్తున్నారు. లేదని ఇంకోసారి అనొచ్చు. అంటే ఆమె ఏం చేసేవారో నాకు తెలియదు. కానీ నలభై రెండేళ్లలో ఈ ప్రశ్న నన్ను సూటిగా అడిగిన మొదటి మనిషి ఆమె. అదీ మా మాటలో అడిగారు.

"నలభై రెండేళ్లు. రోజుకి రెండు. ఇవాళ పొద్దున కూడా" అన్నాను.

ఆడపడుచు చేతిలో సంచి కింద పడింది. లోపలున్న టిఫిన్ డబ్బా మూత ఊడి ఇడ్లీలు నేల మీద దొర్లాయి. వాటిని ఏరుతున్నంతసేపూ తల ఎత్తలేదు.

సంగతి విని సర్జన్, అదే ఆ మూడో డాక్టరు, అరవలేదు. అరిస్తే బాగుండేది. "మీరు రాసింది నమ్మి కోసేవాణ్ని. ఈ ఆపరేషన్లో చర్మాన్ని కింద నుంచి విడదీస్తాం. అప్పుడు దానికి రక్తం ఒక్క పక్క నుంచే రావాలి. పొగాకు ఆ సన్న నాళాల్ని నొక్కేస్తుంది. చెవి దగ్గర అంచు నల్లబడి చచ్చిపోతుంది" అన్నారు. నాకు మరో మాట అక్కర్లేకపోయింది. మా అత్తవారి పొలం కాలువకి ఆఖరున ఉండేది. పైన ఎవరు అడ్డం కట్టినా ముందు ఎండేది మా మడే. చెవి ముందున్న చర్మం ఆ మడి లాంటిది.

షరతు పెట్టారు. ముందు అంగిలి ముక్క తీసి పరీక్షకి పంపాలి. అది బాగుంటే, ఆరు వారాలు పొగాకు ముట్టకూడదు. మానడానికి వాడే నికోటిన్ బిళ్లలు, పట్టీలు కూడా పనికిరావు, ఎందుకంటే నాళాల్ని నొక్కేది ఆ నికోటినే. ఆపరేషన్‌కి ముందు మూత్రపరీక్ష. తర్వాత కూడా తాగకూడదు. అంగిలి పరీక్షలో క్యాన్సర్ లేదని వచ్చింది. కానీ ఇంకా తాగితే వస్తుందనీ, ఆర్నెల్లకోసారి చూపించుకోమనీ నోటి డాక్టరు చెప్పారు. ఆ రిపోర్టు తెచ్చుకున్న రోజే చుట్ట మానేశాను. ఆ రోజు డైరీలో మొదటిసారి రాశాను: "చుట్ట లేదు. ఒకటో రోజు. చేతులకి పని లేదు. అల్మరా అంతా సర్దాను."

నాలుగో రోజు నా ఆడపడుచు వచ్చింది. చర్చిలో ఎవరికీ చెప్పలేదని ముందే ప్రమాణం చేసింది. తర్వాత సంచిలోంచి ఒక కాగితం పొట్లం తీసి ఆవకాయ జాడీ పక్కన పెట్టింది. వాసన తెలియనిదాన్ని కాను.

"ఏటే ఇది?"

"సుట్టలు. మంచివే, సంతలో తెచ్చినాను."

సమాజం సెక్రెటరీ, చుట్ట మానినవాళ్ల చేత సాక్ష్యాలు చెప్పించే మనిషి, కొంగు కప్పుకుని సంతకి వెళ్లి చుట్టలు కొనుక్కొచ్చింది.

"నలబైయేళ్ల అలవాటు. నువ్వు మాన్నేవు వదినా. నాకు తెల్దా? తాగీ. దేవుడే ఆ డాట్రమ్మ నోట పలికించి ఆపినాడు. ఇక్కడితో ఆగిపో."

"నువ్వే కదే చుట్ట పాపమంటావు?"

"పాపమే. అయితే సుట్ట పెరట్లో దాసుకోవచ్చు. మొకం ఎక్కడ దాస్తావు?"

నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. ఆ ఒక్క మాటలో మా ఇంటి మర్యాద మొత్తం ఉంది. దాచుకోగలిగితే ఏదైనా చెయ్యొచ్చు. నేను అంతకాలం బతికింది సరిగ్గా ఆ పద్ధతిలోనే. తనని అనడానికి నాకేం హక్కు ఉంది?

పొట్లం తీసుకెళ్లమన్నాను. తీసుకెళ్లలేదు. నేను పారెయ్యలేదు. పారేస్తే భయపడినట్టని జాడీ పక్కనే ఉంచాను. ఇది తెలివైన పని అని ఎవరికీ సలహా ఇవ్వను. మానేవాళ్లు ఇంట్లో చుట్ట ఉంచుకోకూడదు. కానీ నాది అప్పటికి మొండిపట్టు దశ.

ఆ వారాలు ఎలా గడిచాయో డైరీలో ఉంది. తొమ్మిదో రోజు నా మీద నాకే చిరాకు, పాలావిడ మీద అరిచాను. పద్నాలుగో రోజు పనసపిక్కలు వేయించి జేబులో వేసుకున్నట్టు కొంగున కట్టుకుని తిరిగాను. పందొమ్మిదో రోజు కూర రుచి తెలిసింది, ఇన్నాళ్లూ ఉప్పు ఎక్కువ వేస్తున్నానని కూడా తెలిసింది. మధ్యలో ఆపరేషన్ ఏర్పాట్లు చేసుకున్నాను. తల ఎత్తుగా పెట్టి పడుకోవడానికి మూడు దిళ్లు. నమలక్కర్లేని తిండికి జావ పిండి. కొన్ని వారాలు జుట్టుకి రంగు వెయ్యకూడదన్నారని ముందే వేయించుకున్నాను. చేప నూనె బిళ్లలు, వెల్లుల్లి కారం, డాక్టరు ఆపమన్నవన్నీ ఆపాను. తల మీదుగా తొడిగే బట్టలు వద్దన్నారు. చీర కట్టేవాళ్లకి ఆ బాధ లేదు.

ముప్పై ఒకటో రోజు కబురొచ్చింది. ముఖలింగం దారిలో ఉన్న మా అత్తవారి ఊళ్లో నా తోటికోడలు పోయింది. మావారి పెదనాన్న కోడలు. నాకంటే అయిదేళ్లు పెద్ద. నేనూ తనూ మా అత్తగారి చుట్ట పంచుకున్నవాళ్లం. నేనూ ఆడపడుచూ వెళ్లాం. శవపెట్టె ఇంట్లోంచి కదిలాక ఆడవాళ్లంతా అరుగు మీద కూర్చున్నాం. పళ్లు లేని పెద్దావిడ ఒకామె నా పక్కకి జరిగి, తన నోట్లోంచి వెలుగుతున్న చుట్ట తీసి, కొంగుతో తుడిచి నాకు అందించింది. మా వైపు అది ఓదార్పు. మాటలు రానివాళ్లకి ఇచ్చేది. వద్దనడం ఆమెని తోసెయ్యడమే.

తీసుకున్నాను. తిరగేసి పెట్టుకున్నాను. నాలుగు దమ్ములు.

తిరుగు బస్సులో నా ఆడపడుచు టిక్కెట్లు తీసి నా పక్కన కూర్చుంది. తర్వాత మోచేత్తో పొడిచింది. "సూసినాను."

"చూస్తే చూశావు."

"మరేటి సేస్తావు?"

"రేపు ఆస్పత్రికి ఫోన్ చేస్తాను. మళ్లీ ఒకటో రోజు నుంచి లెక్కపెడతాను."

"పిచ్చా నీకు? ఇంకా పదకొండు రోజులున్నాది. నాలుగు దమ్ములు ఆ పరీక్షలో తెల్దు. నువ్వే సెప్పినావు కదా, కొన్నాళ్లకి పోతాదని. ఎవుడికి తెలుస్తాది?"

"నా చెవి ముందున్న చర్మానికి తెలుస్తుంది."

తను ఇటు తిరిగి నన్ను కొత్తగా చూసింది. తనకి కావలసింది ఆపరేషన్ ఆగడం. నేను ఫోన్ చేస్తే ఆలస్యమవుతుంది, బహుశా ఆగిపోతుంది కూడా. అయినా చెప్పొద్దంటోంది. దాచడం మా రక్తంలో అంతగా ఉంది, మన పక్షానికి నష్టమైనా సరే దాచెయ్యాలి. నేను మర్నాడు ఫోన్ చేశాను. మత్తు డాక్టరమ్మే తీశారు. "చెప్పారు కదా, అది చాలు. మళ్లీ మొదలుపెట్టండి" అన్నారు. ఫోన్ పెట్టేసి, జాడీ పక్కనున్న పొట్లం సంగతి కూడా చూశాను. నీళ్ల బక్కెట్లో ముంచి, పిసికి, మునగచెట్టు మొదట్లో పాతాను. మొండిపట్టుకి ఒక హద్దు ఉండాలి.

రెండోసారి ఆరు వారాలూ పూర్తయ్యాయి. ఆపరేషన్ అయింది. ఆడపడుచు వచ్చింది. రెండు రోజులు నా మంచం పక్కన కుర్చీలో కూర్చుని బైబిలు చదివింది, మధ్యలో "దేవుడా, ఇది మనిషా గుమ్మడికాయా" అని గొణిగింది. నవ్వితే కుట్లు లాగుతాయని నేను కళ్లు మూసుకున్నాను. ఆరో రోజు అద్దంలో నేరేడుపండు కనపడింది. ముందే చూసి ఉన్నాను కాబట్టి ఏడవలేదు. ముందే చూడనివాళ్లు ఏడుస్తారట. మూడు వారాలకి కమిలిన రంగు పోయింది. నవ్వు నెల రోజులు కొంచెం ఎడమకి వాలి సర్దుకుంది. చెవుల దగ్గర ఇప్పటికీ వేరేవాళ్ల చర్మం ముట్టుకున్నట్టుంటుంది.

ఎడమ చెవి వెనక చింతపిక్కంత మేర నల్లబడింది. నలభై రెండేళ్ల పొగ ఆరు వారాల్లో పూర్తిగా పోదని డాక్టరు చెప్పారు. రోజూ కట్టు కట్టించుకుంటే నెమ్మదిగా మానింది, మచ్చ మిగిలింది. మొదటి తేదీకే కోసుంటే ఆ చింతపిక్క బుగ్గ మీదకి వచ్చేదని కూడా చెప్పారు.

మొహం బాగుంది. అరవై ఆరేళ్ల మొహంలాగే ఉంది. ఎవరూ గొంతు తగ్గించి పలకరించడం లేదు. ఇప్పుడు వెనక మాట్లాడుకుంటున్నారు, అది వేరే సంగతి.

మొన్న విజయనగరంలో మా బంధువుల పెళ్లికి వెళ్లాను. భోజనాల దగ్గర ఆడవాళ్లు పదిమంది చుట్టూ చేరారు. మావారికి వరసకి అక్క అయ్యే ఒకావిడ ఊరుకునే రకం కాదు.

"మొకం కుట్టించుకున్నావటగా. ఏదీ, ఎక్కడ కోసినారు?"

నా ఆడపడుచు నా చెయ్యి గిల్లింది. నేను జుట్టు పైకెత్తి రెండు చెవులూ చూపించాను. ముందు గీత, తమ్మె కింద గీత, వెనక గీత. ఒకరి తర్వాత ఒకరు వంగి చూశారు.

"ఇదేటి, ఇక్కడ కాలినట్టున్నాది?"

"పొగ. నలభై రెండేళ్లు అడ్డపొగ తాగాను. డాక్టరుకి తాగనని అబద్ధం రాశాను. పట్టుబడ్డాను. అది మానాకే ఇది చేశారు."

ఆవిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. వెనక వరసలో ఎవరో "టీచరమ్మ కూడానా!" అన్నారు. నా ఆడపడుచు మొహం ఎర్రబడింది. లేచి వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. "అవును, తాగినాది. మా అమ్మే నేర్పినాది. ఏటంట?" అని అందరి మీదా ఒక కేక వేసి, విస్తట్లో గారె విరుచుకుంది.

చెయ్యి కడుక్కోవడానికి వెనక్కి వెళ్తే నీళ్ల డ్రమ్ము దగ్గర ఒక పెద్దావిడ నిలబడి ఉంది. నేను పలకరిస్తే తల ఊపింది కానీ పెదాలు విప్పలేదు. అర్థమైంది. నేను అక్కడే నిలబడ్డాను. కాసేపటికి ఆమె చుట్టూ చూసి, నోట్లోంచి చుట్ట తీసి చేతిలో దాచుకుంది.

"నువ్వు సెప్పింది విన్నాను. ఎన్నో రోజుకి పోతాది, ఆ యావ?"

"నాకింకా పోలేదమ్మా. తాగడం లేదు, అంతే."

ఆమె చుట్ట నిప్పు డ్రమ్ము అంచుకి నలిపి ఆర్పి, మిగిలిన సగాన్ని కొంగు చివర ముడి వేసుకుంది.